బయటికి వచ్చిన కార్డు

ఒక మనిషి నిషిద్ధ రేఖ లోపలి నుంచి బయటికి వచ్చాడనడానికి రుజువు ఏది, ఆ మనిషా, అతని కార్డా? ఈ ప్రశ్నను నేను ఐదు కార్యాలయాల్లో అడిగాను. మూడుచోట్ల కాగితం మీద, రెండుచోట్ల నిలబడి. అందరూ మర్యాదస్తులే. కూర్చోమన్నారు, బార్లీ టీ ఇచ్చారు. జవాబు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

మా జిల్లా దేశానికి ఉత్తరపు అంచు. మా ఊరికి నాలుగు కిలోమీటర్ల పైన సైనిక చెక్‌పోస్టు ఉంటుంది. దానికి అవతల మా పొలాలు, మా పూర్వీకుల సమాధులు, ఇంకా అవతల కంచె. పొద్దున కార్డు అప్పగించి లోపలికి వెళ్ళాలి, సాయంత్రం ఆరున్నరలోగా కార్డు తీసుకుని బయటపడాలి. ఆలస్యమైతే ఒక హెచ్చరిక. మూడు హెచ్చరికలైతే కార్డు రద్దు. కార్డు పోయినవాడికి పొలం ఉన్నా లేనట్టే, కంటికి కనిపిస్తుందంతే.

మా ఆయన తక్ మన్‌సిక్‌కు డెబ్బై ఒకటి. జూన్‌లో ట్రాక్టరు బురదలో దిగబడి ఒక హెచ్చరిక, ఆగస్టులో మరొకటి తెచ్చుకున్నాడు. నా పేరు బాన్ యొన్‌సిల్. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇక్కడి మాధ్యమిక పాఠశాలలో చరిత్ర చెప్పాను. ఇప్పుడు జిల్లావారి తరఫున సందర్శకుల వెంట నడుస్తాను. నదిమీది నల్లరాతి గోడలు, జలపాతం, యుద్ధంలో పైకప్పు పోయి గోడలు మిగిలిన పాత కట్టడం, చివరికి కొండమీది దుర్భిణీలు. ప్రకృతి, చరిత్ర ఒకే రోజులో, మధ్యాహ్న భోజనంతో సహా, అని కరపత్రంలో ఉంటుంది.

ఈ ఏడాది జూలైలో పదిహేడు రోజులు ఆగకుండా కురిసింది. కొండవాలు ఒకచోట జారి, కంచె స్తంభాల్ని తనతో కిందికి తెచ్చింది. మందుపాతరలున్నాయని చెప్పే ఎర్ర త్రికోణాలు తీగతో సహా మట్టిలో కలిశాయి. సైనికులు వచ్చి, అడుగు పెట్టగలిగినంత మేర కొత్త త్రికోణాలు కట్టి వెళ్ళారు. మా మామగారి సమాధి సరిగ్గా ఆ వాలు కింద ఉంది. సమాధి ముందు పళ్ళు, మద్యం పెట్టే రాతిబల్ల వరదలో జారిపోయింది. మా ఆయనకు అప్పటినుంచీ అదే దిగులు. పూర్వీకులకు అన్నం పెట్టే ఛుసొక్ పండుగకు తండ్రి ముందు కంచం ఎక్కడ పెట్టాలి అన్నది ఆయన ప్రశ్న. నేల మీద చాప పరిస్తే సరిపోతుందన్నాను. "మీ బడిలో పిల్లలు నేల మీద కూచుని తిన్నారేమో గానీ, మా నాయన తినడు" అన్నాడు.

సెప్టెంబరు పదకొండు, గురువారం. ఛుసొక్‌కు ముందు సమాధుల మీద గడ్డి కోసే రోజులవి. ఊరి మగవాళ్ళు తొమ్మిది మంది ఒక ట్రక్కులో లోపలికి వెళుతున్నారు. సందర్శకుల బస్సుకు అనుమతి కోసం నేను చెక్‌పోస్టు దగ్గరే నిలబడి ఉన్నాను. మా ఆయన ట్రక్కు మీద నుంచి గడ్డికోత యంత్రాన్ని ఎత్తి చూపించాడు.

"ఏమోయ్ పంతులమ్మా, నువ్వు కొండమీద నిలబడి చచ్చినోళ్ళ కథలు చెప్పు. నేను కింద చచ్చినోళ్ళకి క్షవరం చేస్తా."

ట్రక్కులో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సందర్శకులు వింటున్నారు.

ఇక సాయంత్రం సంగతి. దీన్ని ఉన్నదున్నట్టు చెప్పాలి. మా ఊళ్ళో ఒక అలవాటు ఉంది. ముందుగా చెక్‌పోస్టు చేరినవాళ్ళు వెనక వచ్చేవాళ్ళ కార్డులు కూడా తీసేసుకుంటారు. కోతలరోజుల్లో ట్రక్కులు వరసకట్టి ఆగితే ఆరున్నర దాటిపోతుంది కదా. కాపలా సైనికుడు కార్డుల్ని లెక్కపెడతాడు, తలల్ని కాదు. ఈ అలవాటును నేను ఇరవై ఏళ్ళుగా అసహ్యించుకున్నాను. ఊరి సమావేశాల్లో లేచి నిలబడి చెప్పాను, ఇది ఒకరోజు ఎవరి ప్రాణాలో తీస్తుందని. వినేవాళ్ళు తలలు వంచుకుని వేరుశనగలు ఒలుచుకునేవారు.

ఐదు గంటల యాభై రెండు నిమిషాలకు నేను నా కార్డు కోసం కిటికీ దగ్గర నిలబడ్డాను. దూరాన మలుపులో ట్రక్కు దుమ్ము కనిపించింది. సైనికుడు నా కార్డు ఇచ్చి, తక్ తాతగారు ఏరని అడిగాడు.

"వెనక వస్తున్నారు" అన్నాను.

అతను రెండో కార్డు కూడా నా చేతిలో పెట్టాడు. నేను బస్సెక్కాను.

గడ్డి కోసిన రోజు మగవాళ్ళు ఊరి సమావేశ మందిరంలో చేరి బియ్యపు కల్లు తాగి, అక్కడే వెచ్చటి నేల మీద పడుకోవడం మామూలే. అందుకని ఆ రాత్రి ఆయన కోసం నేను చూడలేదు. పొద్దున మందిరానికి వెళ్ళేసరికి ఊరిపెద్ద ఓమ్ ఛాంగ్‌సు చెప్పులు తొడుక్కుంటున్నాడు. మా ఆయన ఏడని అడిగాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు.

"మీతో రాలేదా? రెండింటికి మేం వేరే సమాధులకి పోతుంటే, ఇక్కడ సగం మిగిలింది, మీరు పోండి, నేను మా ఆవిడ బస్సులో వస్తా అన్నాడే."

నేను ట్రక్కులో ఉన్నాడనుకున్నాను. వాళ్ళు బస్సులో ఉన్నాడనుకున్నారు. ఆయన కార్డు మా ఇంట్లో గోడకున్న మేకుకు వేలాడుతోంది.

ఉదయం ఆరున్నరకల్లా చెక్‌పోస్టు దగ్గర ఉన్నాను. లెఫ్టినెంటు పుస్తకం తిప్పి, నిన్న సాయంత్రం ఐదు యాభై రెండుకు తక్ మన్‌సిక్ బయటికి వచ్చినట్టు ఉందన్నాడు. ఆ కార్డు తీసుకున్నది నేనని చెప్పాను. నిన్నటి సైనికుణ్ణి పిలిపించాడు. ఆ యువకుడు నా మొహం చూడకుండా, ఆ పెద్దాయన చేతికే ఇచ్చానన్నాడు. నిజం ఒప్పుకుంటే అతను సైనిక చెరసాలకు పోతాడు. నాకు తెలుసు. అతనికీ తెలుసు.

"మీరు తీసుకోవడం చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని లెఫ్టినెంటు అడిగాడు.

ఉన్నారు. నా వెనక కనీసం ఆరుగురు ఉన్నారు, అందరూ మా ఊరివాళ్ళే. నేను ఊళ్ళోకి తిరిగివచ్చి గడపగడపకూ వెళ్ళాను. ప్రతి గడపలోనూ నాకు పీట వేశారు. ప్రతి గడపలోనూ, అలాంటి అలవాటు మా ఊళ్ళో లేదన్నారు.

వాళ్ళ లెక్క నాకు అర్థం కాకపోలేదు. అలవాటు ఉందని ఒక్కరు ఒప్పుకుంటే సైన్యం గేటు మూసేస్తుంది, విచారణ అయ్యేదాకా. అప్పటికి సగం చేలే కోతలయ్యాయి. అరవై రెండు కుటుంబాల వరి లోపల నిలబడి ఉంది, గింజ బరువుకు వంగి. వచ్చే వారమంతా వర్షమని రేడియో చెబుతోంది.

సైనిక లెక్క ప్రకారం మా ఆయన బయటే ఉన్నాడు కనుక, పోలీసులు బయటే వెతికారు. బస్టాండు కెమెరాలు చూశారు. రాజధానిలో చుట్టాలెవరున్నారని అడిగారు. నల్లరాతి గోడల కింద నదిలో పడవ వేసి, పొడవాటి కొక్కేలతో అడుగు గాలించారు. ఆ నదిలో ఒడ్డు వెంట సందర్శకుల కోసం తేలే వంతెన ఒకటుంది. దాని మీద నిలబడి జనం ఐస్‌క్రీం తింటూ చూశారు. నేను ఒడ్డున నిలబడి, ఆయన ఇక్కడ లేడు, ఇటు కాదు అటు, అని చేత్తో ఉత్తరం వైపు చూపిస్తూ ఉన్నాను. రెండో రోజు ఒక ఇన్‌స్పెక్టరు నన్ను పక్కకు పిలిచి, భార్యాభర్తల మధ్య ఏమైనా మాట పట్టింపులు ఉన్నాయా అని మెల్లిగా అడిగాడు. రాతిబల్ల గురించి ఉందన్నాను. అతను రాసుకున్నాడు.

నా మాట ఎందుకు నమ్మరని అడిగితే అతను చెప్పిన కారణం ఇప్పటికీ నన్ను నిద్రలో లేపుతుంది.

"ఊళ్ళో అందర్నీ అడిగామమ్మా. అందరిదీ ఒకటే మాట. పంతులమ్మ నియమం తప్పే మనిషి కాదు, అలాంటి పని చచ్చినా చెయ్యదు అంటున్నారు."

మూడో రోజు సాయంత్రం ఊరి మందిరంలో సమావేశం పెట్టించాను. ఎదురుగా కూర్చున్నవాళ్ళలో సగం మంది నా దగ్గర చదువుకున్నవాళ్ళే. లోపల ఒక మనిషి మూడు రోజులుగా ఉన్నాడు, నీళ్ళు లేకుండా ఉన్నాడు, కాలు విరిగి ఉండవచ్చు, మీలో ఒకరు నోరు విప్పితే రేపు పొద్దున వెతుకుతారు, అన్నాను. చివరికి ఓమ్ ఛాంగ్‌సు గొంతు సవరించుకున్నాడు. అతను చెడ్డవాడు కాడు. మా ఆయనతో కలిసి నలభై ఏళ్ళు తాగాడు.

"పంతులమ్మగారూ, పది రోజులు. పది రోజులు ఓపిక పట్టండి. కోతలు కాగానే నేనే వెళ్ళి చెబుతా. నన్ను జైల్లో పెట్టుకోమనండి."

"పది రోజులకు ఆయన ఏమవుతాడు?"

అతను నేలవైపు చూశాడు. వెనక నుంచి ఎవరో, ఈపాటికే అయ్యుంటాడు, అన్నారు. చిన్నగానే అన్నారు. కానీ నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు వెనక బెంచీల మాటలు విన్నదాన్ని.

నేను ఏడవలేదు. వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలిచాను, హాజరు వేసినట్టు. ఆరుగురివి, ఆ సాయంత్రం నా వెనక ఉన్నవాళ్ళవి. ఐదుగురు తల ఎత్తలేదు. ఆరో మనిషి సమావేశానికి రాలేదు.

ఆ ఆరో మనిషి మర్నాడు మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. హ్వాఛొన్ నుంచి కోడలిగా వచ్చింది కనుక ఊరంతా ఆమెను హ్వాఛొనమ్మ అంటారు. మొగుడు పోయి పదేళ్ళు. లోపల రెండు మళ్ళు ఉన్నాయి, వేరే ఆధారం లేదు. ఒక గిన్నెలో ముల్లంగి కిమ్చి పచ్చడి తెచ్చి వంటింట్లో పెట్టి, కూర్చోకుండా నిలబడే మాట్లాడింది.

"నా కొడుక్కి ఎనిమిదో తరగతిలో సున్నా వేశావు. గుర్తుందా?"

గుర్తుందన్నాను. వాడు పక్కవాడి కాగితం చూసి రాశాడు.

"పక్కవాడు కూడా తప్పే రాశాడు. అయినా సున్నా ఇద్దరికీ వేశావు. ఆవేళ నిన్ను తిట్టుకున్నంతగా నా అత్తను కూడా తిట్టుకోలేదు." ఆమె గోడ మేకుకున్న కార్డు వైపు చూసింది. "సరే, చెప్పులేసుకో. పోదాం."

ఆమె మళ్ళు గేటు అవతలే మొదలవుతాయి. చెక్‌పోస్టు ముందు ఆగి చూస్తే చివరి మడి కనిపిస్తుంది, పండి, పచ్చదనం పూర్తిగా పోయి. ఆమె ఒకసారి చూసింది. ఆ తర్వాత లెఫ్టినెంటు బల్ల ముందుకు వెళ్ళి, ఊరి పేరు, ఇంటి నంబరు చెప్పింది.

"నేను ఆమె వెనకే ఉన్నాను. ఆమె రెండు తీసుకుంది. నేను మూడు తీసుకున్నాను. మేమంతా అంతే. రాసుకో నాయనా."

ఆ సాయంత్రమే గేటు మూశారు. మర్నాడు, అంటే ఐదో రోజు పొద్దున, సైన్యం లోపల వెతకడం మొదలుపెట్టింది. అదే గంటకు వర్షం కూడా మొదలైంది.

మొదటి పూటలోనే గడ్డికోత యంత్రం దొరికింది. సమాధికి ఒక పక్క గడ్డి శుభ్రంగా కోసి ఉంది, రెండో పక్క మోకాలెత్తు నిలిచి ఉంది. యంత్రం ఆపి, పక్కకు పెట్టి, దాని మీద చేతి తొడుగులు ఒకదానిమీద ఒకటి మడిచి పెట్టి ఉన్నాయి. పడిపోయిన మనిషి అలా పెట్టడు. తనంతట తాను నడిచివెళ్ళాడు. ట్రక్కులో తెచ్చుకున్న తాడు మాత్రం లేదు. నాకు అప్పుడే తెలిసింది. రాతిబల్ల కోసం వెళ్ళాడు. వరద ఎటు పోయిందో అటు, కిందికి, కూలిన కంచె అవతలికి. అక్కడ త్రికోణాలు లేవు. త్రికోణాలు లేకపోవడం అంటే మందుపాతరలు లేకపోవడం కాదు, ఎక్కడున్నాయో తెలియకపోవడం. ఆ భేదం మా ఊళ్ళో నడక రాని పిల్లలకు కూడా తెలుసు. కానీ ఆయనకు తన తండ్రి నేల అది. ఆయన చిన్నప్పుడు ఆ మట్టిని కెలికి రాళ్ళు ఏరిన చేతులు ఆయన తండ్రివి. ఆ నేల తనను ఏమీ చేయదనుకుని ఉంటాడు.

మూడు రోజులు వెతికారు, తెలిసిన దారుల వెంట, కుక్కలతో. నాలుగో రోజు కెప్టెన్ మా ఇంటికి వచ్చి, బూట్లు విప్పి, నేల మీద మోకాళ్ళు ముడిచి కూర్చున్నాడు. ఆ వాలు నాలుగున్నర హెక్టార్లు, మట్టి అంతా కదిలిపోయింది, అంగుళం అంగుళం పరీక్షించి ముందుకు పోవాలంటే రెండేళ్ళు పడుతుందన్నాడు. నా దగ్గర చివరగా చదువుకున్న పిల్లల వయసు ఉంటుంది అతనికి.

"అమ్మా, చోటు చెప్పండి. ఫలానా చోటని చెబితే ముందు నేనే నడుస్తాను. చోటు తెలియకుండా మా వాళ్ళని పంపలేను."

గేటు తొమ్మిది రోజులు మూసి ఉంది. తొమ్మిది రోజుల్లో ఏడు రోజులు కురిసింది. గేటు తెరిచేసరికి చేలు నేలకు వాలి, గింజలు వెన్నుల్లోనే మొలకెత్తాయి. హ్వాఛొనమ్మ ఇంటి గోడకు ఎవరో పేడ కొట్టారు. కడగడానికి నేను వెళితే తలుపు తీయలేదు, కిటికీలోంచి, "నీ మొహం చూస్తే నా వరి గుర్తొస్తుంది, పో" అంది. ఆమె అన్నదానిలో తప్పేమీ లేదు. ఛుసొక్ నాడు మా ఇంటికి ఎవరూ రాలేదు. నేను కూడా ఎవరి ఇంటికీ పోలేదు. ఆయన పేరు మీద కంచం పెట్టాలా వద్దా అన్నది తేలక, వండిన అన్నం కుండలోనే ఉంచాను. చనిపోయినవాళ్ళకు ముందు పెడతాం. బతికున్నవాళ్ళకు తర్వాత పెడతాం. ఆయనకు ఎప్పుడు పెట్టాలో చెప్పే శాస్త్రం మాకు లేదు.

అక్టోబరులో జిల్లా కార్యాలయం నుంచి ఒక అధికారి వచ్చాడు. కంచె వెంబడి కొత్త నడకదారి ప్రారంభం కాబోతోంది. కొంగలు వచ్చే కాలం. కొంతకాలం విశ్రాంతి తీసుకోండి, సందర్శకుల ముందు ఈ విషయం ఎత్తకుండా ఉంటే అందరికీ మంచిది, అన్నాడు. ఆ దారి ఎటు పోతుందని అడిగితే మడతపెట్టిన పటం విప్పాడు. మా మామగారి సమాధికి ఆరువందల మీటర్ల దూరం నుంచి పోతోంది. ఆ చోట ఒక చెక్క బెంచీ, ఒక చిన్న పక్షి బొమ్మ గీసి ఉన్నాయి.

అతను వెళ్ళాక నేను నా సంచిలోంచి ఆ గురువారం సందర్శకుల జాబితా తీశాను. ముప్ఫై నాలుగు పేర్లు, చిరునామాలు. ముప్ఫై నాలుగు ఉత్తరాలు చేత్తో రాశాను. పదకొండు తిరిగి వచ్చాయి. ఒక్కదానికి జవాబు వచ్చింది.

దేగు నగరం నుంచి ఒక మందుల షాపు యజమానురాలు రాసింది, తన పేరు ఎక్కడా బయటపెట్టవద్దన్న షరతుతో. కవరులో ఒక ఫోటో ఉంది. మూడు గంటల పన్నెండు నిమిషాలకు తీసినది. తెల్ల కొంగలు ఒక బారు పొలాల మీంచి లేస్తున్నాయి. ఎడమ అంచున, వాలు మీద, నువ్వుగింజంత మనిషి వంగి ఉన్నాడు. భుజం మీద తాడు ఉంది. భూతద్దం పెట్టి చూశాను. ఆ వంగడం నలభై మూడేళ్ళుగా నాకు తెలిసిన వంగడం.

ఆ మధ్యాహ్నం అవతలి లోయలో ఫిరంగి అభ్యాసం జరుగుతోంది. మూడున్నర ప్రాంతంలో ఒక చప్పుడు కొంచెం దగ్గరగా వినిపించిందని ఒకావిడ ఉలిక్కిపడితే, భయపడకండి, ఇక్కడ ఇది మామూలే, అని చెప్పింది నేనే. అది ఫిరంగే కావచ్చు. ఆయన ఏ గుంటలోనో జారి, ఐదు రోజులు మా పేర్లు పిలిచి ఉండవచ్చు కూడా. ఈ రెండింటిలో ఏది నిజమైతే బాగుండునని నన్ను నేను అడగడం మానేశాను.

ఫోటో తీసుకుని కెప్టెన్ దగ్గరికి వెళ్ళాను. అతను పటం పరిచి, దుర్భిణీల చోటు నుంచి స్కేలు పెట్టి ఒక గీత గీశాడు. ఆ గీత వాలు మీద నాలుగువందల మీటర్ల పొడవున పోయింది. ఆయన దాని మీద ఎక్కడో ఉన్నాడు. ఒక ఫోటో దిక్కు మాత్రమే చెబుతుందని, పక్కగా ఇంకోచోట నిలబడి తీసిన రెండో ఫోటో ఉంటే రెండు గీతలు కలిసే చోటు తెలుస్తుందని అతను వివరించాడు. అప్పుడు తవ్వవలసింది హెక్టార్లు కాదు, ఒక గది అంత నేల.

ఇక నేను చెప్పవలసింది మీతోనే. ఈ దేశంలో ఏదో ఒక ఇంట్లో దీన్ని చదువుతున్న, ఆ గురువారం నా గుంపులో ఉన్న మీతో. కొండమీద పసుపు గీత ఉంటుంది, దాన్ని దాటి ఉత్తరం వైపు ఫోటో తీయకూడదు. ఆ రోజు ఏడుగురు తీశారు. నేను లెక్కపెట్టాను, ఎందుకంటే ఒక్కొక్కరి ఎదుటా నిలబడి ఆ ఫోటోలు చెరిపించాను. దేగు ఆవిడ నా ఎదుట చెరిపినట్టు నటించి, చెరపలేదు. ఆవిడ అబద్ధానికి నేను ఋణపడి ఉన్నాను. మిగిలిన ఆరుగురిలో మీరు ఒకరు. నా కళ్ళజోడు, నా గొంతు, నా ఇరవై నిమిషాల ఉపన్యాసం మీకు నచ్చలేదు. బస్సులో కూర్చున్నాక నవ్వుకున్నారు. అలా నవ్వుకున్న మనిషి నా మాట విని ఉండరనే నేను ఆశపడుతున్నాను. నవంబరు చివరికి వాలు మీద మంచు పడుతుంది, ఏప్రిల్ దాకా కరగదు. మీ పేరు నేను అడగను, ఎవరికీ చెప్పను. ఫోను తెరవండి. సెప్టెంబరు పదకొండు, మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతం. కొంగల్ని చూడకండి. ఎడమ పక్కన, కూలిన కంచె కింద చూడండి.